చెక్ అంటే ఎవరి చెక్?

ఇద్దరిదీ పాలమూరే. అక్కది గద్వాల, తమ్ముడిది నాగర్‌కర్నూల్. సంస్థానం రాజుల ప్యాలెస్‌లో పెట్టిన వనపర్తి పాలిటెక్నిక్‌లో కొన్నేళ్ల తేడాతో చదివారు. ఇప్పుడు హైదరాబాదులో ఒకే టీములో సి ప్లస్ ప్లస్ రాస్తున్నారు. రిజర్వాయర్ల నీటిమట్టాల లెక్కలు చూసే ప్రోగ్రాం వాళ్లది. టెస్టులకు వాడేది గూగుల్ టెస్ట్ లైబ్రరీ. దాని మీద తమ్ముడు నాలుగు హెల్పర్ మాక్రోలు కట్టి, టీములో అందరూ వాడుకునేలా ఒక హెడర్ ఫైలులో పెట్టాడు: చెక్, చెక్_క్లోజ్, త్రోస్, టెంప్_ఫైల్. అక్క రివ్యూలో ఆపేసింది. ఆ పేచీయే ఈ సంవాదం. కోడులో పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉండే పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను, మధ్యనున్న అండర్‌స్కోర్ మాత్రం ఉంచాను. నా మొగ్గు అక్క వైపే. అయితే తమ్ముడి మాటల్లో ఆమె కొట్టెయ్యలేకపోయినవి ఉన్నాయి, వాటిని తగ్గించి రాయలేదు.

తమ్ముడు: పేరు పొట్టిగా ఉన్నదని కోడు ఆపుతరా అక్కా ఎవరన్నా? చెక్ అంటే చెక్. చదివేటోనికి ఒక్క చూపులో తెలుస్తది. వాటి ముందు మన ప్రాజెక్టు పేరు తగిలిస్తే ప్రతి లైనులో సగం ప్రిఫిక్సే ఉంటది. టెస్టు చదివేటోడు నీటిమట్టం సంగతి చూడాలె, మన లైబ్రరీ పేరు ఎందుకు చూడాలె?

అక్క: పొట్టిగా ఉన్నదని ఆపలేదు. పొట్టి పేరు తెచ్చి హెడర్‌లో పెట్టినవ్, అందుకు ఆపిన. మాక్రోకు స్కోప్ ఉండదని నీకు తెలిసిందే. నేమ్‌స్పేస్ లోపల రాసినా, క్లాసు లోపల రాసినా, ఫంక్షన్ లోపల రాసినా దానికి లెక్క లేదు. కంపైలర్ ఆ బ్రాకెట్ల దాకా రాకముందే ప్రీప్రాసెసర్ వచ్చి, ఆ మాట కనబడ్డకాడల్లా మార్చేసి పోతది. డిఫైన్ చేసిన లైను నుంచి ఫైలు ఆఖరి దాకా, లేకుంటే ఎవరన్నా అన్‌డెఫ్ రాసేదాకా, ఆ పేరు దానిదే. చెక్ అని ఒక ఫంక్షన్ రాసి మన నేమ్‌స్పేస్‌లో పెట్టు, నేను నోరెత్తను.

తమ్ముడు: ఫైలు ఆఖరి దాకా అన్నవ్ కదా, నా జవాబు ఆడనే ఉన్నది. టెస్టు ఫైలును ఎవరు ఇన్‌క్లూడ్ చేస్తరు? ఎవరూ చెయ్యరు. లైబ్రరీ హెడర్‌ను వందల ఫైళ్లు కలుపుకుంటయి, దాంట్ల మాక్రో ఉంటే అన్నిటికీ అంటుకుంటది. ఒప్పుకుంట. టెస్టు ఫైలు మాత్రం కొసన ఉంటది. ఆడ వాడిన పేరు ఆడనే పోతది. విండోస్ హెడర్ చేసిన పని నేను చేస్తలేను.

విండోస్ హెడర్ కథ తెలియనివాళ్ల కోసం: విండోస్ డాట్ హెచ్ అనే ఆ ఫైలు మిన్, మ్యాక్స్ అనే రెండు మాక్రోలను చిన్న అక్షరాల్లోనే డిఫైన్ చేస్తుంది. దాన్ని కలుపుకున్న ఫైలులో స్టాండర్డ్ లైబ్రరీలోని మిన్, మ్యాక్స్ ఫంక్షన్లను మామూలుగా పిలిస్తే కంపైలర్ ఎక్కడెక్కడి ఎర్రర్లో చూపిస్తుంది. నోమిన్‌మ్యాక్స్ అని ముందే డిఫైన్ చేసుకోవడమో, ఫంక్షన్ పేరు చుట్టూ బ్రాకెట్లు పెట్టి ప్రీప్రాసెసర్ కళ్లు కప్పడమో చెయ్యాలి. తప్పు ఎవరిదో, తిప్పలు ఎవరికో.

అక్క: నీ పేరు బయటికి పోదు, నిజమే. బయటి పేరు లోపలికి వస్తది కదా. టెస్టు ఫైలు కొసన ఉన్నదంటే అర్థం, అన్ని హెడర్లూ వచ్చి చేరేది ఆడికే అని. గూగుల్‌వాళ్లదే లాగింగ్ లైబ్రరీ గ్లాగ్ ఉన్నది. దాంట్ల చెక్ అని మాక్రో ఉన్నది. షరతు తప్పితే ఒక మెసేజ్ రాసి ప్రోగ్రాంను ఆడికాడనే చంపేస్తది. నీ చెక్ ఏం చేస్తది? తప్పిందని రాసుకుని తర్వాతి లైనుకు పోతది. పేరు ఒకటే, లోపల రాసే షరతు ఒకటే, చేసే పని వేరు. మనం పరీక్షించే మాడ్యూల్ హెడర్ గ్లాగ్‌ను కలుపుకున్నదనుకో. నీ ఫైలులో చెక్ ఎవరిది?

తమ్ముడు: ఎవరు తర్వాత వస్తే వాళ్లది. మళ్లీ డిఫైన్ చేసిన్రని కంపైలర్ వార్నింగ్ ఇస్తది కదా.

అక్క: ఇస్తది. బయటి లైబ్రరీల హెడర్లను సిస్టమ్ హెడర్లుగా చూపించి కంపైల్ చేసే ప్రాజెక్టుల్లో ఆ వార్నింగ్ కూడా కనబడకుండ పోవచ్చు. ఇంకోటి చూడు. ఇన్‌క్లూడ్ లైన్లను అక్షర క్రమంలో సర్దే క్లాంగ్ ఫార్మాట్ మన దగ్గర నడుస్తున్నది. ఎవరన్నా హెడర్ పేరు మార్చిన దినం దాని వరుస మారుతది. వరుస మారితే నీ చెక్ అర్థం మారుతది. టెస్టు కోడులో ఒక్క అక్షరం ముట్టుకోకుండనే, నిన్నటిదాకా ఒక ఫెయిల్యూర్ చూపించిన టెస్టు ఇయ్యాల మొత్తం ప్రోగ్రాంనే పడగొడతది. గూగుల్ టెస్ట్ చేసినోళ్లు కూడా లోపల ఇసుంటి మాక్రో ఒకటి పెట్టుకున్నరు. దానికి వాళ్లు పెట్టిన పేరు జీటెస్ట్_చెక్_. ముందు లైబ్రరీ పేరు, వెనక ఇంకో అండర్‌స్కోర్. ఇది లోపలిది, ముట్టుకోవద్దని గుర్తు.

తమ్ముడు: ప్రిఫిక్స్ పెడితే తగాదా రాదంటవ్. బూస్ట్‌లో వచ్చింది కదా. బూస్ట్‌లో ప్రతి మాక్రో ముందర బూస్ట్ అని ఉండాలె, అది వాళ్ల నియమం. అయినా ఏమైంది? వాళ్ల తేలికపాటి టెస్టు హెడర్ ఒకటి ఉన్నది, లైట్‌వెయిట్ టెస్ట్ అంటరు. దాంట్ల బూస్ట్_టెస్ట్ అనే మాక్రో చాలా ఏండ్ల నుంచి ఉన్నది. 2015 ఆగస్టులో 1.59 వెర్షన్ వచ్చినప్పుడు వాళ్లదే పెద్ద టెస్టింగ్ లైబ్రరీ కూడా కొత్త మాక్రో తెచ్చింది. దాని పేరు కూడా బూస్ట్_టెస్టే. ఒకే కొంపలో ఇద్దరికి ఒకటే పేరు. రెండు హెడర్లూ ఒక్క ఫైలులో కలిస్తే కొట్లాటే. ప్రిఫిక్స్ కాపాడిందా?

ఈ మాటకు అక్క దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఉండాల్సిన పని కూడా లేదు. బూస్ట్ ఒక్క లైబ్రరీ కాదు, నూటికి పైగా లైబ్రరీల సముదాయం. ఆ పేరు ప్రిఫిక్స్‌గా ఉంటే బయటివాళ్లతో గొడవ తప్పుతుంది కానీ లోపలివాళ్ల మధ్య తప్పదు. పైగా ఆ సముదాయంలో టెస్టింగ్ లైబ్రరీ అసలు పేరే బూస్ట్ టెస్ట్. అంటే ప్రిఫిక్స్‌గా ఉండాల్సిన మాటనే వాళ్లు మాక్రోకు పూర్తి పేరుగా ఇచ్చేశారు. ఇక ఆ పేరు ఇంకెవరికీ మిగలదు.

అక్క: కాపాడలేదు, ఎందుకంటే ఆ ప్రిఫిక్స్ సగం దాకే పోయింది. పేరు ఎంత దూరం తిరుగుతదో అంత పొడుగుండాలె. ఆత్మకూరుకు పోవాలని గద్వాల బస్టాండులో అడిగితే ఏ ఆత్మకూరని ఎవరూ అడగరు. జూరాల దాటితే వచ్చేది, మన వనపర్తి జిల్లాది. అదే మాట కర్నూలు బస్టాండులో అను. నందికొట్కూరు మీదుగా శ్రీశైలం దారిలో ఉన్న ఆత్మకూరు బస్సు చూపిస్తరు, అది నంద్యాల జిల్లా. నెల్లూరు దిక్కు ఇంకోటి, హనుమకొండ దిక్కు ఇంకోటి. సూర్యాపేట జిల్లాలోదాన్ని ఆత్మకూరు ఎస్ అని, యాదాద్రి భువనగిరి జిల్లాలోదాన్ని ఆత్మకూరు ఎం అని రికార్డుల్లో రాస్తరు. ఊళ్లోవాళ్లకు ఆ అక్షరంతో పని లేదు, బయటోళ్లకున్నది. నీ చెక్ నీ ఫైలులో ఉన్నంతసేపు గద్వాల బస్టాండులో ఉన్నట్టు. హెడర్‌లో పెట్టిన దినమే కర్నూలు బస్టాండుకు పోయింది.

తమ్ముడు: మీ జిల్లా పేరే తీసుకో మరి. ముందు ముసాయిదాలో మీ జిల్లానే లేకుండె, కొట్లాడితే వచ్చింది. 2016 దసరాకు జిల్లా అయితే జోగులాంబ గద్వాల అని పెట్టిన్రు. నిన్ను ఎవరన్నా మీదే ఊరని అడిగితే జోగులాంబ గద్వాల అంటవా? గద్వాలనే అంటవ్. ప్రిఫిక్స్ కాగితం మీదనే ఉంటది, నోట్ల పొట్టి పేరే ఉంటది. టెస్టు కోడు నోటిమాట లెక్క. దినాం వందసార్లు రాసేది, వందసార్లు చదివేది.

అక్క: నేను అడిగేది కూడా అదే కదా. కాగితం మీద పొడుగు పేరు ఉండనీ. పొట్టి పేరు ఎవరికి కావాల్నో వాళ్లు పెట్టుకోనీ. డాక్‌టెస్ట్ అట్లనే కట్టిన్రు. విక్టర్ కిరిలోవ్ 2016లో విడుదల చేసిన లైబ్రరీ అది. దాంట్ల ప్రతి మాక్రో అసలు పేరు డాక్‌టెస్ట్ అనే మొదలైతది. చెక్, రిక్వైర్, టెస్ట్_కేస్ అనేవి ఆ అసలు పేర్లకు పైన తగిలించిన ముద్దుపేర్లు. ఒక్క స్విచ్ డిఫైన్ చేస్తే ముద్దుపేర్లన్నీ మాయమైతయి, అసలువి మిగుల్తయి. ఫిల్ నాష్ 2010లో తెచ్చిన క్యాచ్‌లో కూడా అసుంటి స్విచ్ ఉన్నది. అది వేస్తే చెక్ కాస్తా క్యాచ్_చెక్ అయితది. గూగుల్ టెస్ట్‌లో టెస్ట్ అనే మాక్రో వద్దనుకుంటే తీసెయ్యొచ్చు, జీటెస్ట్_టెస్ట్ ఎప్పుడూ ఉంటది. మరి నీ హెడర్‌లో తీసెయ్యడానికి ఏమున్నది? చెక్ వద్దంటే నీ హెడరే వద్దనాలె.

తమ్ముడు: ఒక్కటి చూసినవా? ఆ మూడిట్లో ఏ లైబ్రరీ తీసుకున్నా డిఫాల్ట్ పొట్టి పేరే. పొడుగు పేరు కావాలంటేనే స్విచ్ వెయ్యాలె. అంత అనుభవమున్నోళ్లు పొట్టి పేరు ఎందుకు ముందల పెట్టిన్రు? వాడేటోళ్లలో నూటికి తొంభై మందికి గొడవ రాదు కాబట్టి. ఆ పది మంది కోసం తొంభై మంది చేత పొడుగు పేరు రాయిస్తనంటవ్ నువ్వు.

అక్క: వాళ్ల లెక్క వేరు. వాళ్ల లైబ్రరీని మనం ఏరికోరి తెచ్చుకున్నం. తెచ్చుకునేటప్పుడే చెక్ అనే పేరు వాళ్లకు ఇచ్చేస్తున్నమని తెలుసు. నీ హెల్పర్ హెడర్‌ను ఎవరూ ఏరుకోలేదు. ఇంకేదో హెడర్ ద్వారా కడుపులో వస్తది. పిలవకుండ వచ్చినోడు మెల్లగ మాట్లాడాలె.

ఇక్కడ నాకు అక్క వాదమే బలంగా అనిపించింది. టెస్టింగ్ లైబ్రరీ వేరు, దాని మీద టీములో ఎవరో కట్టిన హెల్పర్లు వేరు. మొదటిదానికి డాక్యుమెంటేషన్ ఉంటుంది, పేర్ల పట్టిక ఉంటుంది, తెలిసిన స్విచ్‌లు ఉంటాయి. రెండోది రెండేళ్ల తర్వాత ఎవరు రాశారో కూడా ఎవరికీ గుర్తుండదు, పేరు మాత్రం ప్రతి ఫైలులో ఉంటుంది.

తమ్ముడు: సరే, చెక్ పక్కన పెట్టు. చెక్_క్లోజ్ ఎందుకు వద్దన్నవ్? ఆ పేరు గ్లాగ్‌లో లేదు, గూగుల్ టెస్ట్‌లో లేదు.

అక్క: దాంట్ల తగాదా పేరుతోటి కాదు, అర్థంతోటి. దశాంశాలున్న రెండు అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నయా లేవా చూస్తది, అంతేనా? మూడో ఆర్గ్యుమెంట్ 0.1 ఇచ్చినవ్. 0.1 ఏంది?

తమ్ముడు: శాతం. బూస్ట్‌లో బూస్ట్_చెక్_క్లోజ్ అట్లనే ఉంటది, పాత ప్రాజెక్టులో అదే వాడేటోణ్ణి.

అక్క: బూస్ట్‌లో శాతమే. గూగుల్ టెస్ట్‌లో ఎక్స్‌పెక్ట్_నియర్ ఉన్నది, దాంట్ల మూడోది సొంత తేడా, మీటర్లయితే మీటర్లే. మన టీములో అందరికీ తెలిసింది ఆ రెండోదే. వాళ్లు నీ టెస్టు చూసి 0.1 అంటే పది సెంటీమీటర్లు అనుకుంటరు. జూరాల నిండు మట్టం ఎంత?

తమ్ముడు: 318.516 మీటర్లు. అడుగుల్లో 1045.

అక్క: దాంట్ల 0.1 శాతమెంత?

తమ్ముడు: దగ్గరదగ్గర 0.3185. అంటే ముప్పై రెండు సెంటీమీటర్లు.

అక్క: ఒక అడుగంటే 30.48 సెంటీమీటర్లు. మన ప్రోగ్రాం 1045 రావాల్సినకాడ 1044 లెక్కగట్టినా నీ టెస్టు పచ్చగనే వెలుగుతది. రిజర్వాయర్‌లో ఒక అడుగు మట్టమంటే ఎంత నీళ్లో నీకు నేను చెప్పాల్నా? క్లోజ్ అన్న మాట తప్పు మాటేం కాదు. ఎంత దగ్గర, దేంట్ల దగ్గర అనేది అది చెప్పదు. బూస్ట్‌వాళ్లకు కూడా ఈ ఇబ్బంది తెలుసు. భిన్నంగా చూసేదానికి బూస్ట్_చెక్_క్లోజ్_ఫ్రాక్షన్ అని, సున్నాకు దగ్గరగా ఉన్నదా చూసేదానికి బూస్ట్_చెక్_స్మాల్ అని వేరే పేర్లు పెట్టిన్రు. చెక్_విదిన్_పర్సెంట్, చెక్_విదిన్_మీటర్స్ అని రాయి. ఇంత పొడుగా అంటే నేను ఒప్పుకోను.

తమ్ముడు: పేరు పొడుగు చేసుడు ఒక్కటే దారి కాదక్కా. బూస్ట్‌వాళ్లే తర్వాత ఇంకా మంచి పని చేసిన్రు. ఇందాక చెప్పిన కొత్త బూస్ట్_టెస్ట్ మాక్రోలో టాలరెన్స్‌ను మామూలు అంకె లెక్క ఇయ్యనే ఇయ్యరు. 0.1 రాసి దాని పక్కన శాతం గుర్తు పెట్టి టాలరెన్స్ అని రాయొచ్చు. అంకె రాసేకాడనే శాతమని కనబడతది. మనం మీటర్లు, శాతం అని రెండు టైపులు కట్టుకుంటే పేరు క్లోజ్ అనే ఉండొచ్చు. తప్పు టైపు ఇస్తే కంపైలే కాదు. పేరును ఎవరన్నా చదువుతరా లేదా నమ్మకం లేదు, కంపైలర్ అయితే తప్పక చదువుతది.

అక్క: ఇది ఒప్పుకుంట. మంచి మాట. టైపులు కట్టు. అయితే అవి ఫంక్షన్‌కు కూడా ఇయ్యొచ్చు కదా, మాక్రో ఎందుకు?

తమ్ముడు: మాక్రో ఎందుకంటే మూడు కారణాలున్నయి, మూడూ ఫంక్షన్‌తోటి కావు. ఒకటి, ఫెయిలయినప్పుడు టెస్టులో నేను రాసిన మాటను మాట లెక్కనే చూపిస్తది, మట్టం ఈక్వల్స్ ఫలానా అని. ఫంక్షన్‌కు చేరేసరికి మాట పోయి ట్రూ, ఫాల్స్ మాత్రమే మిగుల్తది. రెండు, లైను నంబరు. ఫంక్షన్ లోపల ఫెయిలయితే రిపోర్టులో హెల్పర్ ఫైలు లైను పడతది. ఇరవై టెస్టులు పిలిస్తే ఏ టెస్టులో పోయిందో వెతుక్కోవాలె. మూడోది అసలుది. గూగుల్ టెస్ట్‌లో అసర్ట్ అని మొదలయ్యే మాక్రోలు ఫెయిలయితే రిటర్న్ అయితయి. ఏ ఫంక్షన్‌లో ఉంటే ఆ ఫంక్షన్ నుంచే రిటర్న్. నా హెల్పర్ ఫంక్షన్‌లో అసర్ట్ పడితే హెల్పర్ ఒక్కటే ఆగుతది, టెస్టు తాపీగా ముందుకు పోతది. ఫైలు తెరుచుకోలేదని తెలిసినంక కూడా ఆ ఫైలును చదువుతది. మాక్రో అయితే టెస్టు కూడా ఆడనే ఆగుతది.

అక్క: మొదటిది సరే. రెండోదానికి మందున్నది. గూగుల్ టెస్ట్‌లో స్కోప్డ్_ట్రేస్ పెడితే, ఆ బ్లాకు ముగిసేదాకా ఏ ఫెయిల్యూర్ వచ్చినా పిలిచిన లైను కూడా రిపోర్టులో పడతది. క్యాచ్‌లో ఇన్ఫో అట్లనే, బ్లాకు దాటితే పోతది. సి ప్లస్ ప్లస్ 20 నుంచి సోర్స్ లొకేషన్ కూడా ఉన్నది. ఫంక్షన్‌కు డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా పెడితే పిలిచినోని లైను దానంతట అదే వస్తది. లైను నంబరు కోసం మాక్రో రాసే రోజులు పోయినయి.

తమ్ముడు: మూడోది?

అక్క: దానికి కూడా అసర్ట్_నో_ఫేటల్_ఫెయిల్యూర్ అని ఉన్నది, హెల్పర్ పిలుపును దాంట్ల పెడితే టెస్టు ఆగుతది. పెట్టుడు ఎవరూ గుర్తుంచుకోరు, అది నాకు తెలుసు. క్యాచ్‌లో, బూస్ట్‌లో ఈ బాధ లేదు. వాళ్ల రిక్వైర్ ఫెయిలయితే ఎక్సెప్షన్ విసురుతది, హెల్పర్ నుంచి టెస్టు దాటి బయటికి పోతది. గూగుల్‌ది రిటర్న్ కాబట్టి నీ మాట నిలబడతది. మాక్రో రాయి. అయితే దాని పేరు అసర్ట్ అనే మొదలుగావాలె. లోపల రిటర్న్ దాచుకున్న మాక్రోకు త్రోస్ అని పేరు పెడితే, ఆ లైను దగ్గర ఫంక్షన్ ఆగిపోవచ్చని చదివేటోనికి ఎట్ల తెలుస్తది? గూగుల్ టెస్ట్‌లో ఎక్స్‌పెక్ట్ అంటే రాసుకుని ముందుకు పోతది, అసర్ట్ అంటే ఆడనే ఆగుతది. ఆ రెండు మాటలకు ఉన్న కట్టుబాటును నీ హెల్పర్ కూడా పాటించాలె.

తమ్ముడు: ఇంత పట్టింపు ఉన్న గూగుల్ టెస్ట్‌వాళ్లు సొంత ఇంట్ల ఏం చేసుకున్నరు? టెస్టు పేర్లలో అండర్‌స్కోర్ వాడొద్దంటరు. నేను జూరాల_గేటు అనే సూట్‌లో తెరుచుకోవాలి అనే టెస్టు రాసిన. ఇంకొకాయన జూరాల అనే సూట్‌లో గేటు_తెరుచుకోవాలి అని రాసిండు. లోపల మాక్రో రెండు పేర్లనూ అండర్‌స్కోర్‌తోటి అతికించి ఒక క్లాసు పుట్టిస్తది. రెండిటికీ ఒకటే క్లాసు పేరు వస్తది. వాళ్ల మాక్రో లోపలి సంగతి వాడేటోని నెత్తి మీదికి వచ్చింది.

అక్క: వచ్చింది. క్యాచ్‌వాళ్లు ఆ దారే వదిలేసిన్రు, టెస్టు పేరు కొటేషన్లలో మామూలు వాక్యంగా రాయొచ్చు. ఫంక్షన్ పేరును మాక్రోనే తయారుచేసుకుంటది. ఒక విషయంలో మాత్రం గూగుల్ టెస్ట్‌వాళ్లను మెచ్చుకోవాలె. మొదట్ల కొన్ని టెస్టుల గుంపును టెస్ట్ కేస్ అన్నరు. బయట అందరూ టెస్ట్ సూట్ అంటరు, టెస్ట్ కేస్ అంటే ఒక్క పరీక్ష. 2019లో 1.10 వెర్షన్‌లో మార్చిన్రు. మార్చి, పాత పేర్ల మాక్రోలను ఒక్కసారే తీసెయ్యకుండ కొన్నాళ్లు నడవనిచ్చిన్రు. అప్పటికి ప్రపంచమంతా పాత పేరుతోటి రాసిన టెస్టులున్నయి, ఒక్క రాత్రిలో పగులుతయి. మన దగ్గర నీ హెడర్‌ను ఇప్పటికి వాడుతున్నది నువ్వు ఒక్కనివే. పేరు మార్చుడు ఇయ్యాల ఐదు నిమిషాల పని.

తమ్ముడు: టెంప్_ఫైల్‌ను అయితే ఏమనలేవ్. దాని పేరు ఎవరికీ తగలదు.

అక్క: పేరు తగలదు, లోపల ఉన్నది తగులుతది. దాంట్ల ఎఫ్ అని ఒక వేరియబుల్ పుట్టిస్తున్నవ్. టెస్టు రాసేటోనికి ఆ ఎఫ్ కనబడదు. ఆయన కూడా ఎఫ్ అని పెట్టుకుంటే? రెండుసార్లు టెంప్_ఫైల్ రాస్తే?

తమ్ముడు: లైను నంబరు అతికిస్త.

అక్క: ఒకటే లైనులో రెండు రాస్తే? తమ్ముడూ, ఇది 1986 నాటి ముచ్చట. మాక్రో లోపలి పేర్లు బయటి పేర్లతోటి కలవకుండ ఎట్ల చూడాల్నో కోల్‌బెకర్, ఇంకా ముగ్గురు అప్పుడే లిస్ప్ భాషల కోసం పేపర్ రాసిన్రు. స్కీమ్ దాన్ని తీసుకున్నది. రస్ట్‌లో మాక్రో లోపల లెట్ అని పుట్టించిన పేరు బయటోనికి తగలదు. సి ప్లస్ ప్లస్ మాక్రోకు ఆ శుభ్రత ఇప్పటికీ లేదు, వస్తదన్న ఆశ కూడా నాకు లేదు. టెంప్ ఫైలుకు మాక్రోనే వద్దు. పుట్టినప్పుడు ఫైలు చేసి, చచ్చేటప్పుడు తుడిచేసే చిన్న క్లాసు రాయి. నేమ్‌స్పేస్‌లో ఉంటది, పేరు నీ ఇష్టం.

తమ్ముడు: మాడ్యూళ్లు వచ్చినంక ఇదంతా పోతది కదా? సి ప్లస్ ప్లస్ 20 మాడ్యూల్ నుంచి మాక్రో బయటికి రాదు.

అక్క: రాదు. అందుకే టెస్టింగ్ లైబ్రరీలకు మాడ్యూల్ అయ్యుడు కష్టం. వాటి బతుకే మాక్రోలు. మాడ్యూల్ ఇంపోర్ట్ చేసినా మాక్రోల కోసం పక్కన ఒక హెడర్ ఉంచక తప్పదు. ఆ ఒక్క హెడర్‌లో ఎవరి పేర్లుంటయో దాని కోసమే మళ్లీ ఇదే కొట్లాట.

పేచీ ఇక్కడితో చల్లబడింది. టెంప్_ఫైల్ క్లాసు అయింది. చెక్_క్లోజ్ శాతానికో టైపు, మీటర్లకో టైపు తీసుకునే ఫంక్షన్ అయింది, పిలిచిన లైను సోర్స్ లొకేషన్ నుంచి వస్తుంది. త్రోస్ పోయి ప్రాజెక్టు ప్రిఫిక్స్‌తో అసర్ట్ మాక్రో వచ్చింది. చెక్ ఒక్కదాని మీద రాజీ కుదరలేదు. హెడర్‌లో పొడుగు పేరే ఉండాలని అక్క, ఆ హెడర్‌లోనే డాక్‌టెస్ట్ లెక్క స్విచ్‌తో పొట్టి పేరు కూడా ఉండాలని తమ్ముడు. చివరికి హెడర్‌లో పొడుగు పేరు ఒక్కటే పెట్టారు. పొట్టిది కావాలనుకున్నవాళ్లు సొంత టెస్టు ఫైలులో, ఇన్‌క్లూడ్‌లన్నీ అయిపోయాక ఒక్క లైను డిఫైన్ రాసుకోవాలి. అప్పటికే చెక్ అని ఇంకెవరిదో ఉంటే కంపైలర్ వార్నింగ్ ఆ లైను దగ్గరే, ఆ రాసినవాడి కళ్ల ముందే పడుతుంది. నాకిది సరైన తీర్పు అనిపించింది. పొట్టి పేరు హక్కు వాడేవాడిది, అందరికీ పంచేవాడిది కాదు.

మీ టీములో కూడా ఇలాంటి హెల్పర్ హెడర్ ఒకటి ఉండే ఉంటుంది. తెరిచి డిఫైన్ అన్న మాట వెతకండి. ప్రిఫిక్స్ లేనివి ఎన్నో చూడండి, వాటిలో మామూలు ఫంక్షన్‌గానో క్లాసుగానో రాయగలిగినవి ఎన్నో చూడండి. రెండో రకం వాటిని ముందు తీసెయ్యండి. మిగిలిన వాటికి పొడుగు పేరు పెట్టడానికి అరపూట చాలు.